బయటికి పంపే హక్కు

మా సెంట్రింగ్ యార్డుకి పదకొండేళ్ళు కావలి ఉన్న పెద్దాయన పోయాడని పోయిన వారం ఆయన కూతురు తన ఊరు పరదరామి నుంచి కబురు పంపింది. కబురు తెచ్చిన మనిషి చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నేను వంకర మేకుల డబ్బా ముందేసుకుని కూర్చుని, సుత్తి చేతిలోకి తీసుకున్నాను. ఆయన పని మానేసి కూతురి ఊరికి వెళ్ళి ఏళ్ళవుతోంది. అయినా మేకు వంకర ఎటుందో చూసి, తిప్పి, రాతి మీద పట్టే ఆ రెండు వేళ్ళు ఎదురుగా ఉన్నట్టే అనిపించింది.

ఆయన పేరు రాయను. బతికున్నప్పుడు నేను పేరు పెట్టి పిలిచింది లేదు. ఇప్పుడు పిలిస్తే ఆయనకే కొత్తగా ఉంటుంది.

సెంట్రింగ్ యార్డంటే ఇళ్ళకి మిద్దె పోసేటప్పుడు కింద నిలబెట్టే కర్రలు, పలకలు, ఇనుప రేకులు బాడుగకిచ్చే చోటు. ఆ రోజుల్లో వేలూరు పక్క సత్తువాచారిలో, తొరపాడిలో ఎటు చూసినా మేడలు లేస్తున్నాయి. గుడియాత్తంలో సందు సందుకీ ఎస్టీడీ బూతు వచ్చింది, రంగు టీవీల దుకాణం ముందు జనం నిలబడి చూసేవాళ్ళు. మా ఆయన పనుల మీద వారంలో ఐదు రోజులు వేలూరులోనే. గుడియాత్తం యార్డు నా చేతిలో ఉండేది. బలానికి మా మరిది ఉన్నాడు. కావలికి ఒక ముసలాయన్ని మా ఆయన ఎక్కడినుంచో పిలుచుకుని వచ్చాడు.

చూడగానే నాకు నచ్చలేదు. సన్నగా, గాలి గట్టిగా వీస్తే పలకల మీద పడేటట్టు ఉన్నాడు. ముప్పై ఏళ్ళు కోర్టులో డవాలీ బంట్రోతు అట. కోర్టు గుమ్మం బయట నిలబడి వాది పేరు, ప్రతివాది పేరు మూడేసి సార్లు పిలిచే ఉద్యోగం. రిటైరైనప్పుడు బిళ్ళా పట్టీ తిరిగి ఇచ్చేశాడు. ఖాకీ కోటు మాత్రం మిగిలింది. గుండీలు ఊడిన చోట పిన్నీసులు పెట్టుకునేవాడు. బిళ్ళ గుచ్చిన చోట రెండు చిల్లులు.

"ఆ చిల్లులు కుట్టుకోరాదా పెద్దాయనా, దారం నేనిస్తా" అన్నాను ఒకసారి.

"వద్దమ్మా, గాలి తోలుకుంటాది" అన్నాడు.

ముక్కుపొడి పీల్చాలంటే గేటు దాటి రోడ్డు మీదికి పోయేవాడు. అక్కడే తుమ్మి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ లోపలికి వచ్చేవాడు. సరుకు బయటికి పోయేటప్పుడు తుమ్మితే మంచిది కాదని నేనెప్పుడో అన్నాను. ఒక్కసారే అన్నాను. పదకొండేళ్ళలో యార్డు లోపల ఆయన తుమ్ము నేను వినలేదు.

ఎవర్ని పిలిచినా మూడు సార్లే. లారీ డ్రైవరు ఎదురుగా నిలబడి ఉన్నా సరే, ముఖం పక్కకి తిప్పి, చెయ్యి చెవి దగ్గర పెట్టి, పేరు మూడు సార్లు సాగదీసి పిలిచేవాడు.

"ఈడనే ఉండాను గదా తాతా, ఏమిటికి అట్ల అరస్తావు?"

"హాజరని చెప్పప్పా."

"సరి, హాజరు."

అప్పుడు గానీ చెప్పాల్సింది చెప్పడు. కొన్నాళ్ళకి యార్డులో అందరికీ హాజరు అనడం అలవాటైపోయింది. ఒకరోజు నేనే వంటింట్లోంచి హాజరు అని కేకేసి, నాలుక కరుచుకున్నాను. మా మరిది ఆ సంగతి నెల రోజులు చెప్పుకుని నవ్వాడు.

యార్డు వెనక గోడ ఒకచోట పడిపోయి నడుము ఎత్తు మిగిలింది. దాన్ని కట్టించమని మా ఆయన అనేవాడు. ఊళ్ళో వాళ్ళందరికీ గోడలు లేపే వాళ్ళం, మన గోడకి మాత్రం మనిషి దొరకడం లేదు అనేదాన్ని నేను. అసలు సంగతి, ఇటుకకి డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేక. అటునుంచి దూకి యార్డు అడ్డంగా నడిస్తే బస్టాండు దగ్గర. బస్సుకి ఆలస్యమైన ప్రతివాడూ దూకేవాడు. పెద్దాయన గొడుగు చంకలో పెట్టుకుని ఎదురుపోయేవాడు.

"నాయనా, ఇది దోవ కాదు. యాపారం చేసే చోటు. ఎట్ల వచ్చినావో అట్లనే పోవల్ల."

తిట్టేది లేదు, తొయ్యడం లేదు. గోడ దాకా వెంట నడిచి, వాళ్ళు తిరిగి దూకేటప్పుడు చెయ్యి ఊతమిచ్చేవాడు. పంచె కట్టిన పెద్దమనుషులు ఆ చెయ్యి పట్టుకుని గోడెక్కేటప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి! మళ్ళీ ఆ పక్కకి వచ్చేవాళ్ళు కాదు.

మా మరిదికి ఇదేదీ నచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం తాగినవాడొకడు వచ్చి మా పలకల మీద పడుకుని నిద్రపోయాడు. మరిది తాడు తెచ్చాడు.

"స్తంభానికి కట్టేస్తాను తాతా. సాయంత్రం దాకా ఎండితే ఇంకెవరూ రారు."

"కట్టేస్తివంటే వాడు నీ సొత్తు అవుతాడప్పా. వానికి నీళ్ళు, కూడు, ఒంటికి పోయేది అంతా నీ పూచీ. కక్కుకుంటే కడిగేది కూడా నువ్వే."

మరిది చేతిలో తాడు చూసుకున్నాడు. "అయితే మొన్న మన పొట్టు మేసిన మేకని బందెలదొడ్డికి తోలినాం గదా. మేకని పెట్టొచ్చు, మనిషిని పెట్టకూడదా?"

"మేకకి జామీను లేదు" అన్నాడు పెద్దాయన. అని, తాగినవాడి పక్కన గొడుగు విప్పుకుని కూర్చున్నాడు. నీడ వాడి ముఖం మీద పడేటట్టు. వాడు లేచేదాకా అట్లాగే కూర్చుని, లేచాక గేటు దాకా తోడు పోయి వదిలి వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. కావలివాడు కాపలా కాయాలి గానీ వచ్చినవాడికి నీడ పడతాడా?

సాయంత్రాలు పని సద్దుమణిగాక ఇద్దరం వంకర మేకులు సరిచేసేవాళ్ళం. పలకల్లోంచి పీకిన మేకుని పారేసే పాపం మా యార్డులో లేదు. ఆయన పట్టేవాడు, నేను కొట్టేదాన్ని. ఒక్కసారి కూడా ఆయన వేలి మీద వెయ్యలేదు. వేస్తానని ఆయన ఒక్కసారి కూడా వేలు వెనక్కి తీసుకోలేదు. అప్పుడు చెప్పేవాడు చట్టం. నేను తెలుగు బడిలో మూడేళ్ళు కూర్చున్నదాన్ని. ఆయనకి తెలుగు మాటే గానీ అక్షరం రాదు, అరవం కూడబలుక్కుని చదివేవాడు. చట్టం చదివి నేర్చుకున్నది కాదు. గుమ్మం దగ్గర నిలబడి చెవిన పడింది.

"లోపలికి వచ్చినోణ్ణి బయటికి పంపే హక్కు మనకుండాది. లోపల పెట్టే హక్కు లేదమ్మా."

"మన చోటుకి వస్తే కూడానా?"

"మన చోటుకి వస్తేనే. మనలాంటోళ్ళు ఒక మనిషిని పట్టుకోవల్లంటే మన కంటి ముందర జరగల్ల, జామీను దొరకని పెద్ద తప్పు అయ్యుండల్ల. దొంగతనం సరి. గోడ దూకేదానికి జామీను ఉండాది. పట్టుకున్నా ఆ పొద్దే, ఆ గడియే పోలీసు చేతికి ఇచ్చేయల్ల."

నేను మేకు మీద రెండు దెబ్బలు ఎక్కువ వేసేదాన్ని. చోటు నాది, సరుకు నాది, దూకినవాడికి హక్కులా!

ఆయన వచ్చిన మూడో ఏడు ఆయుధపూజ నాడు ఆ చట్టం నా నెత్తి మీదికే వచ్చింది.

మా యార్డులో పూజ పెద్దదిగా చేసేవాళ్ళం. మట్టిపని చేసేవాళ్ళు కూడా సొంత గడ్డపారలు, పారలు తెచ్చి మా వరసలోనే పెట్టేవాళ్ళు. ఎవరిది ఏదో తెలియడానికి గడ్డపార మెడ మీద ఆకురాయితో గీతలు పెట్టుకుంటారు. ఒకరిది రెండు గీతలు, ఒకరిది మూడు. అన్నింటికీ గంధం, కుంకుమ పెట్టి, బొరుగులూ బెల్లం పంచి, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ కొడతాం. ఆ తర్వాత మర్నాడు పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా పనిముట్టుని ఎవరూ ముట్టరు. ముడితే ఏడాదంతా పనికి కీడు అని మా నమ్మకం.

ఆ రోజు పూజ అయ్యి అందరూ వెళ్ళాక, మా మట్టిపనివాడొకడి తల్లి పోయింది. వాళ్ళలో చచ్చినవాళ్ళకి గుంత ఇంటివాళ్ళే తవ్వడం ఆనవాయితీ. పొద్దు గుంకేలోపల మట్టి చెయ్యాలి. కానీ ఆ రోజు ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా పార గంధం బొట్టుతో పూజలో ఉంది. పూజలో ఉన్నదాన్ని గుంత తవ్వడానికి ఎవరిస్తారు? అతను నాలుగిళ్ళు అడిగి, ఆఖరికి తన గడ్డపార కోసమే మా యార్డుకి వచ్చాడు. గేటు దగ్గర నిలబడి పిలవలేకపోయాడు. చావు అంటుతో పూజ చోటికి వచ్చానని ఏ నోటితో చెప్తాడు? వెనక గోడ దూకాడు.

ఇదంతా నాకు మర్నాడు తెలిసింది. ఆ మధ్యాహ్నం నేను చూసింది, పూజ వరసలోంచి గడ్డపార ఎత్తుకుని గోడ వైపు పోతున్న మనిషిని. కేకేశాను. మరిది పట్టుకున్నాడు. రెండేళ్ళుగా నా చేతి మీద కూలి తీసుకుంటున్నవాడు! ఎందుకు ఎత్తావంటే తల వంచుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే. మూగగా నిలబడినవాడు దొంగ కాక మరేమిటి అనుకున్నాను. సిమెంటు గదిలోకి తోయించి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకున్నాను. మరిది ఎస్టీడీ బూతుకి పోయి మా ఆయనకి ఫోను చేసి వచ్చాడు. సాయంత్రం బస్సుకి వస్తానన్నాడు, అందాకా వదలొద్దన్నాడు.

పెద్దాయన తన ఇంట్లో పండగ కూడు తిని మూడు గంటలప్పుడు వచ్చాడు.

"ఏమమ్మా, సిమెంటు గదికి బీగం పడింది?"

"దొంగని పెట్టినాం. మన మట్టిపనోణ్ణే."

"ఏం దొంగిలించినాడు?"

"గడ్డపార. పూజలోది."

"యాడ ఉండాది?"

మరిది చూపించాడు. పెద్దాయన దాన్ని ముట్టలేదు. వంగి, మెడ మీది కుంకుమ నోటితో ఊది, గీతలు లెక్కపెట్టాడు.

"మూడు గీతలు. ఇది ఆ మట్టిపనోనిదే గదమ్మా. తన సొత్తు తాను ఎత్తుకుంటే దొంగతనం యాడిది?"

"గోడ దూకలేదా?"

"దూకినాడు. తప్పే. దానికి జామీను ఉండాది. మనం పట్టి పెట్టను లేదు. దొంగతనమే అయినా ఇంత సేపటికి స్టేషన్లో ఉండల్ల. ఎజమాని వేలూరు నుంచి వచ్చేదాకా దాచిపెట్టను ఆయప్పేమన్నా సిమెంటు మూటనా?"

"పూజలోది ముట్టినాడు పెద్దాయనా! ఏడాదంతా ఏమవుతాదో ఏమో!"

"అది దేవుడు చూసుకుంటాడు. కోర్టులో దానికి సెక్షను లేదు."

మరిదికి కోపం వచ్చింది. "తాతా, నువ్వు ఎవరి కూడు తింటా ఉండావు? మాదా, వానిదా?"

"మీ కూడే అప్పా. అందుకే చెప్తా ఉండాను. మనిషిని లోపలేసి బీగమేసిందానికి కేసయితే ఆడ పిలిచేది వాని పేరు కాదు, మీ వదిన పేరు. నేను ఆడోళ్ళ పేర్లు శానా పిలిచినాను. కొంగు కప్పుకోని, తల వంచుకోని వస్తారు. మీ వదిన అట్ల రాకూడదు."

అయినా తాళంచెవి తియ్యలేదు.

ఆయన సిమెంటు గది దగ్గరికి పోయి, ముఖం పక్కకి తిప్పి, చెయ్యి చెవి దగ్గర పెట్టి, లోపలి మనిషి పేరు మూడు సార్లు పిలిచాడు. కాసేపటికి లోపలినుంచి సన్నగా, "హాజరు తాతా" అని వినిపించింది. పెద్దాయన తలుపుకి చెవి ఆనించి కూర్చున్నాడు. లోపలివాడు ఏదో చెప్పాడు. మాకు వినబడలేదు. పెద్దాయన లేచి పొద్దు ఎక్కడుందో చూశాడు. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"బీగంచెవి ఇయ్యమ్మా."

"ఏమన్నాడు లోపల?"

"అది వాని మాట. నాది చట్టం మాట. ఇయ్యి."

"నువ్వు ఆ తలుపు తీస్తే, రేపటినుంచి ఈ యార్డులో నీకు పని లేదు."

అన్నాను. మాట నోరు దాటాక వెనక్కి తీసుకోవడం నాకు తెలియదు.

ఆయన ఒక్కో పిన్నీసూ తీశాడు. కోటు విప్పి, మడత పెట్టి, పలకల మీద పెట్టాడు. కోటు లేకుండా ఆయన్ని నేను చూడడం అదే మొదలు. బనియను భుజం దగ్గర చిరిగి ఉంది.

"సరేమ్మా. ఇప్పుడు నేను నీ కావలోణ్ణి కాను. బయటి మనిషిని. అనుమతి లేకుండా నీ యాపారం చోట్లో నిలబడి ఉండాను. తప్పే. నన్ను కూడా లోపల పెట్టి బీగమెయ్యి."

"పెద్దాయనా!"

"లేదంటే ఇద్దరినీ బయటికి పంపు. అది నీ హక్కు, ఎవరూ కాదనరు. నువ్వు పొమ్మంటే ఈ గడియే పోతాం."

మరిది నా వైపు చూశాడు. ఎండ పలకల మీదినుంచి జారుతోంది. ఆయన కదలలేదు. గాలికి పడిపోతాడనుకున్న మనిషి, గుంజ పాతినట్టు నిలబడ్డాడు. ఆయన్ని లోపల వేసి తాళం పెట్టే చెయ్యి నాకు లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

నడుములోంచి తాళంచెవి తీసి నేనే పోయి తలుపు తెరిచాను. "పోండి. ఇద్దరూ పోండి" అన్నాను.

లోపలివాడు ఒళ్ళంతా సిమెంటు దుమ్ముతో బయటికి వచ్చాడు. నా కాళ్ళకి దండం పెట్టబోయినవాడు చటుక్కున ఆగి, దూరంగా జరిగి చేతులు జోడించాడు. ఎంత పొగరు అనుకున్నాను. అంటు నాకు తగలకూడదని జరిగాడని అప్పుడు నాకేం తెలుసు. తన గడ్డపార ఎత్తుకుని పరుగెత్తాడు. పెద్దాయన గొడుగు చంకలో పెట్టుకుని వాడి వెనకే వేగంగా నడిచాడు. ఇద్దరూ గేటులోంచే పోయారు.

సాయంత్రం మా ఆయన వచ్చి, కావలివాడు చట్టం చెప్తే తాళంచెవి ఇచ్చేస్తావా అని కేకలేశాడు. నేను అన్నం పెట్టాను. కోటు పలకల మీదే ఉంది. మంచు పడుతుందని లోపల పెట్టాను. అది కూడా ఆయన మీద ప్రేమతో కాదు, బట్ట పాడవుతుందని.

మర్నాడు తెల్లవారి హారతికి కర్పూరం సిద్ధం చేస్తుంటే గేటు బయట పెద్దాయన కనిపించాడు. తలస్నానం చేసినట్టున్నాడు, జుట్టు తడిగా ఉంది. ఒక రెక్క తెరిచే ఉన్నా లోపలికి అడుగు పెట్టలేదు. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి.

"కోటు కోసం వచ్చినానమ్మా. లోపలికి రాను. సుడుగాటికి పోయొచ్చినాను, అంటు ఉండాది. నువ్వు పూజ కానిచ్చుకో, నేను నిలబడతాను."

"శ్మశానానికా? ఎవరు పోయినారు?"

చెప్పాడు. ఎవరి తల్లో, ఎప్పుడు పోయిందో, ఎన్నిళ్ళలో పార అడిగారో, గడ్డపార ఒక్కటే ఉంటే మట్టిని చేతులతోనే ఎలా ఎత్తిపోశారో అన్నీ చెప్పాడు. కర్పూరం పళ్ళెం కింద పెట్టేశాను.

"పొద్దుకి అందిందా?" అని మాత్రం అడగగలిగాను.

"అందిందమ్మా. ఇంకో అర్ధగంట అయితే అందేది కాదు."

ఏడుపు రావలసిన చోట నాకు కోపమే వస్తుంది. అది నా పుట్టుక.

"నీకు నిన్ననే తెలుసు గదా! తలుపు దగ్గర వాడు చెప్పింది ఇదే గదా! నా దగ్గర ఒక్క మాట అనుంటే నేను అప్పుడే తెరిచుండనా? నేనేమన్నా రాక్షసినా పెద్దాయనా? కోటు విప్పి, పని పోగొట్టుకోని, ఇంత చేసేదానికంటే ఆ ఒక్క మాట చెప్పుండరాదా?"

"చెప్పొద్దని వాడు మొక్కుకున్నాడు. అంటుతో పూజ చోటికి వచ్చినానని తెలిస్తే అమ్మ మనసు కష్టపడతాదన్నాడు."

"వాడన్నాడు సరే. నువ్వు?"

ఆయన గొడుగు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"చెప్పుంటే నువ్వు జాలితో తెరిచుందువు. నాకు తెలుసు. నీ మనసు నాకు తెలీదా తల్లీ? కానీ వాడు గోడ దూకినప్పుడు వాని అమ్మ పోయిందని తెరవల్లనా? అమ్మ పోకుండా దూకినోణ్ణి లోపలనే పెట్టుకోవచ్చునా? వానికి ఏ కష్టమూ లేకపోయినా ఆ తలుపు తెరవాల్సిందే."

ఇంట్లోకి పోయి కోటు తెచ్చాను. బిళ్ళ చిల్లులు అట్లాగే ఉన్నాయి. ఆయన గేటు బయటినుంచే రెండు చేతులూ చాపాడు. నేను ఇవ్వలేదు. కోటు భుజం మీద వేసుకుని, మూసి ఉన్న రెండో రెక్క కూడా గడియ తీసి వెనక్కి తోశాను.

"లోపలికి రా" అన్నాను.

"హారతి కాలేదు గదమ్మా."

"నువ్వు వచ్చినాక ఇస్తాను. రా."

గంధం బొట్లతో పారలన్నీ వరసగా ఉన్నాయి, మూడు గీతల గడ్డపార చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. నేను పక్కకి జరిగి నిలబడ్డాను. మట్టి గోళ్ళతో ఆయన లోపలికి నడిచి వచ్చాడు.